ఇరుకు సందులకు, మామిడి తోపులకు ఏ మినీ ఎక్స్‌కవేటర్ కొనాలి?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. తిరుపతిలో ఒక పెద్ద కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టు తీసుకుని మంచినీటి పైపులు, ఇళ్ల మురుగునీటి కనెక్షన్లు వేస్తుంటాను. పాకాల, దామలచెరువు వైపు మామిడి తోపుల్లో మొక్కల గుంతలు, డ్రిప్పు పైపుల కాలువలు తవ్వే పనులు కూడా వస్తాయి. ఇప్పటిదాకా యంత్రాన్ని బాడుగకే పెట్టుకుంటున్నాను. జీఎస్టీ కాకుండా గంటకు వెయ్యి రూపాయల చొప్పున నెలకు సుమారు 90 గంటల బాడుగ కడుతున్నాను. ఇక సొంతంగా కొత్త మినీ ఇటాచీ కొనాలనుకుంటున్నాను. చేతిలో 8 లక్షలున్నాయి. మూడు టన్నుల యంత్రానికి జీఎస్టీతో కలిపి 28 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. మిగతా 20 లక్షలను 8 శాతం ఫ్లాట్ వడ్డీకి, 48 నెలల కంతుల మీద ఇస్తామని ఒక ఫైనాన్సు కంపెనీ అంటోంది. ఇంకో డీలరేమో అయిదు టన్నులది తీసుకుంటే ఏ పనికైనా ఉపయోగపడుతుందంటున్నాడు. మా బామ్మర్ది పాత జేసీబీ కొనుక్కోమంటున్నాడు. రాళ్లు పగలగొట్టే బ్రేకర్ కూడా తీసుకోవాలా? ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: మీరు కావలసిన వివరాలన్నీ రాశారు కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. మీ పనులకు మూడు నుంచి మూడున్నర టన్నుల తరగతి యంత్రం సరిపోతుంది. దాని వెనుకభాగం తిరిగేటప్పుడు చైన్లను దాటి పెద్దగా బయటికి రాకూడదు, బకెట్‌ను మోసే చేయి, అంటే బూమ్, పక్కకు తిరగాలి, ముందు మట్టి తోసే బ్లేడు ఉండాలి. బ్రేకర్‌కు అవసరమైన హైడ్రాలిక్ పైపింగును యంత్రంతోపాటే వేయించుకోండి, బ్రేకర్‌ను మాత్రం ఇప్పుడే కొనకండి. ఇక ఆ ఫైనాన్సు కంపెనీ చెప్పిన షరతుల మీద అప్పు తీసుకుని కొనవద్దని నా సలహా. ఎందుకు వద్దంటున్నానో కింద లెక్కతో సహా చూపిస్తాను.

యంత్రాల పట్టికల్లో హార్స్‌పవరు, బకెట్ పరిమాణం పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. మీరు మొదట చూడవలసింది వెడల్పు. తిరుపతి పాత ఊళ్లో తీర్థకట్ట వీధి వెనుక సందుల్లోనూ, కొర్లగుంటలోనూ, జీవకోనలోనూ ఇళ్ల మెట్లు, అరుగులు, ఆపి ఉంచిన మోటారు సైకిళ్లు పోగా ఎంత దారి మిగులుతుందో అక్కడ పైపులు వేసిన మీకు చెప్పనక్కరలేదు. మీరు ఇంతవరకు పనిచేసిన సందుల్లో అన్నిటికన్నా ఇరుకైన వాటిని ఒకసారి టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. మూడు టన్నుల తరగతి యంత్రాలు సాధారణంగా మీటరున్నర వెడల్పుంటాయి, అయిదు టన్నులవి రెండు మీటర్లకు దగ్గరగా ఉంటాయి. రెండు టన్నుల లోపు వాటిలో చైన్లను దగ్గరికి జరుపుకునే వీలున్న కొన్ని మోడళ్లు దాదాపు మీటరు వెడల్పు దారిలో కూడా పోగలవు. అయితే సందులో యంత్రం పడితే చాలదు, తవ్విన మట్టి పోయడానికి చోటు, నడిచేవాళ్లకు దారి కూడా మిగలాలి. అవి లేకపోతే మట్టిని ఎప్పటికప్పుడు ట్రాక్టరుకెత్తి బయటికి పంపవలసి వస్తుంది, దాంతో గంటకు తవ్వే పొడవు బాగా పడిపోతుంది.

వెడల్పు తర్వాత చూడవలసింది వెనుకభాగం. పై భాగం అడ్డంగా తిరిగినప్పుడు మామూలు యంత్రంలో వెనుక బరువు చైన్ల వెడల్పును దాటి బయటికి వస్తుంది. ఆపరేటరు చూపంతా ముందున్న బకెట్ మీద ఉంటుంది కాబట్టి సందుల్లో విరిగే గేటు స్తంభాలు, మీటరు పెట్టెలు, మెట్ల అంచులు ఎక్కువగా ఈ తోకకు తగిలి విరిగేవే. అలాంటి నష్టపరిహారం ఒకటి రెండుసార్లు కట్టుకుంటే యంత్రం ధరలో మిగుల్చుకున్నదంతా అక్కడే పోతుంది. తోక బయటికి రాని యంత్రం పక్కకు బరువెత్తినప్పుడు మామూలు దానంత నిలకడగా ఉండకపోవచ్చు. మీరు ఎత్తేది పైపులే తప్ప పెద్ద తూములు కావు గనుక మీకు అది లోపం కాదు.

బూమ్ పక్కకు తిరిగే ఏర్పాటు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొటేషన్‌లో దీనికి ఒక్క ముక్కకు మించి చోటు దొరకదు, మీ పనికేమో ఇదే ప్రాణం. ఇళ్ల కనెక్షన్ల కాలువ ఎప్పుడూ ప్రహరీ గోడ వెంబడే పోతుంది. బూమ్ మొదలు దగ్గర అడ్డంగా మడిచే కీలు ఉంటే, చైన్లు గోడకు సమాంతరంగా నడుస్తుండగానే బూమ్‌ను గోడవైపుకు జరిపి, దాదాపు గోడ అంచు దాకా నిటారుగా తవ్వుకుంటూ పోవచ్చు. ఆ ఏర్పాటు లేని యంత్రమైతే గోడకు ఏటవాలుగా నిలబడి కొంత తవ్వి, వెనక్కి జరిగి, మళ్లీ ఏటవాలుగా నిలబడాలి. కాలువ వంకర పోతుంది, పైపుకు వాలు సరిచేయడానికి మళ్లీ మనుషులను దింపవలసి వస్తుంది. డెమో సమయంలో బూమ్ రెండు వైపులకూ ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో, అలా తిరిగినప్పుడు గోడకు ఎంత దగ్గరగా తవ్వగలుగుతుందో మీ కళ్లతో చూడండి.

తవ్వే లోతు మీకు పెద్ద సమస్య కాదు. మంచినీటి పైపుకు మీటరు, ఇంటి కనెక్షన్‌కు మీటరున్నర లోపు లోతుతో పని జరుగుతుంది. మూడు టన్నుల యంత్రాలు రెండున్నర నుంచి మూడు మీటర్ల దాకా తవ్వగలవు. పట్టికలో రాసే గరిష్ఠ లోతు బకెట్ పన్ను చేరగల చివరి బిందువుకు సంబంధించినది, అడుగు చదునుగా ఉండే కాలువకు వచ్చే లోతు అంతకన్నా తక్కువ ఉంటుంది. అంత తీసేసినా మీకు చాలినంత మిగులుతుంది. మీటరున్నర దాటి మనిషి దిగే కాలువ తవ్వవలసి వస్తే పక్కలకు పలకలు, ఊతలు పెట్టకుండా ఎవరినీ దింపవద్దు. అది ఏ యంత్రం కొన్నా వర్తించే మాట.

అందువల్ల అయిదు టన్నుల యంత్రం ఏ పనికైనా ఉపయోగపడుతుందన్న డీలరు మాట మీ విషయంలో నిలవదు. మీకు అవసరం లేని లోతుకు డబ్బు కట్టి, అవసరమైన సందుల్లోకి పోలేని యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది. రెండు టన్నుల లోపువి సందుల్లో చక్కగా ఉంటాయి గానీ మామిడి తోపులో గట్టి గరపనేల తగిలితే వాటికి బలం చాలదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున మామిడి గుంత తీయాలంటే అదే పనిగా గీరుతూ కూర్చోవలసి వస్తుంది. మీ బామ్మర్ది గారి సలహాలో ఒక న్యాయం ఉంది. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే పనులే ఎక్కువగా ఉన్నవారికి, రోడ్డు మీద తనంతట తానే పోగల జేసీబీ మేలు. అయితే దాని వెడల్పు రెండుంబావు మీటర్ల వరకు ఉంటుంది, తవ్వేటప్పుడు కాళ్లు చాపుకోవడానికి చోటు కావాలి. మీ పనిలో సగానికి పైగా సందుల్లోనే ఉంటే దాన్ని సందు మొదట్లో నిలబెట్టి చూస్తూ ఉండవలసిందే.

ఇప్పుడు నేల సంగతి. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అసంబద్ధత అనే జాతీయ భూవిజ్ఞాన స్మారకం దగ్గర ప్రయాణికులు ఫోటోలు దిగుతుంటారు. కింద అతి ప్రాచీనమైన గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు అనే గట్టి రాతి పొరలు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. తవ్వకం పని చేసేవారికి ఆ రాతి గోడ చెప్పే విషయం వేరే ఉంది. కొండ పాదంలో ఉన్న పేటల్లో పైన రెండు మూడడుగులు మట్టి, దాని కింద చివికిన గ్రానైటు మొరం, మధ్య మధ్య కొండ నుంచి దొర్లి వచ్చిన క్వార్ట్‌జైటు గుండ్లు తగులుతాయి. మొరాన్ని మూడు టన్నుల యంత్రం పళ్లున్న ఇరుకు బకెట్‌తో గీరుకుంటూ తీస్తుంది, క్వార్ట్‌జైటు గుండు దగ్గర మాత్రం బకెట్ పళ్లు అరగడం తప్ప ప్రయోజనం ఉండదు. అక్కడే బ్రేకర్ అవసరం వస్తుంది.

అయినా దాన్ని ఇప్పుడే కొనవద్దనడానికి కారణాలున్నాయి. మూడు టన్నుల యంత్రానికి సరిపడే బ్రేకర్ చిన్నది, గుండ్లను పగలగొడుతుంది గానీ పరుపు బండను పగలగొట్టదు. అలాంటి బండ తగిలినప్పుడు ఎటూ పెద్ద యంత్రాన్నో కంప్రెషరునో పిలవక తప్పదు. బ్రేకర్ నడిచినన్ని గంటలూ హైడ్రాలిక్ నూనె వేడెక్కి త్వరగా పాడవుతుంది, పిన్నులు, బుష్షులు వదులవుతాయి. బ్రేకర్ పని ఉన్నప్పుడు నూనెను, ఫిల్టర్లను మామూలు గడువుకన్నా ముందే మార్చమని యంత్రం మాన్యువల్ చెబుతుంది. ఉలిని ఒకే చోట అర నిమిషం కొట్టినా రాయి పగలకపోతే చోటు మార్చాలి, రెండు గంటలకోసారి గ్రీజు పెట్టాలి. ఇవన్నీ పాటించే ఆపరేటరు మీకు దొరికేదాకా బ్రేకర్‌ను బాడుగకు తెచ్చుకుని బిగించుకోండి. ఏడాదిలో ఎన్ని గంటలు దాన్ని వాడారో లెక్క రాసుకుంటే కొనాలో వద్దో అదే తేలుతుంది. పైపింగును మాత్రం ఫ్యాక్టరీ నుంచే అడగండి, తర్వాత బయట వేయించుకుంటే ఖర్చు ఎక్కువ, వారంటీ విషయంలో పేచీ కూడా రావచ్చు. ఆ పైపింగే ఉంటే మామిడి తోపులో కంచె రాళ్లకు గుంతలు తీసే ఆగర్‌ను కూడా తగిలించుకోవచ్చు. బకెట్ల విషయానికొస్తే 300 మిల్లీమీటర్లది కనెక్షన్లకు, 600 మిల్లీమీటర్లది తోపులకు పనికొస్తాయి. ఈ రెండూ ధరలోనే కలిపి ఇమ్మని పట్టుబట్టండి.

చైన్ల విషయంలో నేను రబ్బరు వైపే మొగ్గుతాను. ఇనుప చైను సిమెంటు రోడ్డు మీద గీతలు పెడుతుంది, ఆ వీధివాళ్లతో తగాదా, మరమ్మతు ఖర్చు మీ మీద పడతాయి. అయితే పదునైన రాళ్ల మీద ఒక్కసారిగా మలుపు తిప్పితే రబ్బరు అంచు చీలిపోతుంది. పెద్ద వంపు తీసుకుంటూ తిప్పడం ఆపరేటరుకు అలవాటు కావాలి. మీ గంటల్లో సగానికి పైగా రాతి నేలలోనే గడిచేటట్టయితే ఇనుప చైనుకు రబ్బరు ప్యాడ్లు బిగించుకోవడం మంచిది. ఏది తీసుకున్నా రెండు చైన్ల మార్పిడి ధరను ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే ఈ తరగతి యంత్రంలో అరిగిపోయే వస్తువుల్లో అన్నిటికన్నా ఖరీదైనవి అవే.

క్యాబిన్ గురించి మీరు అడగలేదు గానీ డీలరు ఏసీ క్యాబిన్ అంటగట్టాలని చూస్తాడు. తిరుపతి ఎండలో ఏసీ కావాలని ఎవరికైనా అనిపిస్తుంది, నిజమే. కానీ సందుల్లో ఆపరేటరుకు హెల్పర్ కేక వినబడాలి, పక్కన ఉన్నది కనబడాలి, తోపుల్లో కొమ్మలు అద్దాలకు తగలకూడదు. యంత్రం పక్కకు ఒరిగినా మనిషిని కాపాడగల గట్టి చట్రమున్న పైకప్పు, సీటు బెల్టు ఉంటే మీ పనికి చాలు.

యంత్రం పనిచేసే చోటుకు ఎలా చేరుతుందన్నది చాలామంది కొన్నాక ఆలోచించే విషయం. చైన్ల యంత్రం గంటకు రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. చంద్రగిరి నుంచి తిరుపతికి దాన్ని నడిపించుకుంటూ పోవడం చైన్లను, రోలర్లను చేతులారా అరగదీసుకోవడమే. లారీ మీద వేసుకోవాలి. మూడు టన్నుల యంత్రాన్ని పాత 407 మీద ఎక్కిస్తే ఓవర్‌లోడ్ అవుతుంది, అంతకన్నా పెద్ద బండి, గట్టి ర్యాంపులు కావాలి. డీలరు చెప్పే బరువులో అదనపు బకెట్లు, బ్రేకర్ కలవవు గనుక మొత్తం బరువు వేసుకుని, మీకు తెలిసిన లారీ యజమానితో ఒక్కో ట్రిప్పు బాడుగ మాట్లాడుకుని ఆ తర్వాతే యంత్రం బరువు తేల్చుకోండి. రెండు గంటల పని కోసం దామలచెరువు దాకా తీసుకుపోతే బాడుగలో ఎంత మిగులుతుందో అప్పుడు తెలుస్తుంది. తోపుల పని ఒప్పుకుంటే కనీస గంటలు ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నకు వస్తే, ఈ తరగతిలో జేసీబీ, టాటా హిటాచీ, కుబోటా, హ్యుందాయ్, సానీ వంటి పేర్లు మీ ముందుకు వస్తాయి. వీటిలో ఇది మంచిది, అది చెడ్డది అని నేను చెప్పను, మీ సర్వీసు ఇంజనీరు ఎక్కడ ఉంటాడన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఫ్యాక్టరీ దగ్గర్లో ఉంటే సర్వీసు కూడా దగ్గరే అనుకోవడం పొరపాటు. శ్రీసిటీలో కోబెల్కో ఎక్స్‌కవేటర్ల కర్మాగారం ఉంది, అంతమాత్రాన తిరుపతి సందులో ఆగిపోయిన యంత్రం దగ్గరికి మెకానిక్ గంటలో వచ్చేస్తాడని కాదు. ప్రతి డీలరునూ మూడు విషయాలు అడగండి. తిరుపతిలో మినీ ఎక్స్‌కవేటర్ల పని నేర్చుకున్న మెకానిక్‌లు ఎంతమంది? హైడ్రాలిక్ హోసులు, సీల్ కిట్లు, ఫిల్టర్లు, స్టార్టర్ మోటారు తిరుపతి గోదాములోనే ఉంటాయా, చెన్నై నుంచి రావాలా? ఇదే మోడల్‌ను మూడేళ్ల కిందట కొన్న ముగ్గురు యజమానుల దగ్గరికి మిమ్మల్ని పంపిస్తారా? మూడో ప్రశ్నకు తడబడే డీలరు దగ్గర ఇక సమయం వృథా చేసుకోవద్దు. ఆ యజమానులను కలిసినప్పుడు యంత్రం బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. అదే ఎన్ని రోజులు పని ఆగిపోయింది, ఏ భాగం కోసం ఆగింది, ఆ భాగానికి ఎంత కట్టారు అని అడిగితే అసలు సంగతులు బయటికి వస్తాయి.

డెమోను డీలరు స్థలంలో చూడకండి. అక్కడ ముందే తవ్వి, మళ్లీ పూడ్చిన మెత్తని మట్టి ఉంటుంది. మీరు పని చేస్తున్న చోటికి, వీలైతే జీవకోన వంటి గట్టి నేలకు, మధ్యాహ్నపు ఎండలో తెప్పించి మూడు నాలుగు గంటలు పని చేయించండి. చదునైన చోట నిలిపి ట్యాంకు అంచుదాకా డీజిల్ నింపి, పని అయ్యాక అదే చోట మళ్లీ అంచుదాకా నింపితే గంటకు ఎంత తాగుతుందో తేలుతుంది, కరపత్రంలో రాసిన అంకె కన్నా అదే నమ్మదగినది. రెండు చైన్ల లీవర్లను సమానంగా తోసి ముప్పై మీటర్లు నడిపించి, వంకర పోకుండా ఉందో లేదో చూడండి. నడుస్తుండగానే బూమ్‌ను పైకెత్తమనండి. ఆ క్షణంలో ఒక చైను మందగించి యంత్రం పక్కకు లాగితే, ఏకకాలంలో రెండు పనులు చేసేటప్పుడు దాని హైడ్రాలిక్ పంపు నూనెను సరిగా పంచలేకపోతోందని అర్థం. బ్లేడుతో కాలువ పూడ్చేటప్పుడు ఈ తేడా మీకు రోజూ చికాకు పుట్టిస్తుంది. చివరగా బకెట్ నిండా మట్టితో బూమ్‌ను ఎత్తిపెట్టి ఇంజన్ ఆపించి, బకెట్ అడుగు ఎంత ఎత్తున ఉందో పక్కన కర్ర మీద గీత గీయండి. పది నిమిషాల తర్వాత బకెట్ కిందికి దిగి ఉంటే సిలిండరు సీల్స్ గురించి, వాల్వు గురించి డీలరుతో అక్కడికక్కడే మాట్లాడండి. ఇదంతా మీరు కూర్చోబెట్టబోయే ఆపరేటరు చేతే చేయించండి. జేసీబీ మీద చేయి తిరిగినవాడికి ఈ లీవర్ల పద్ధతి వేరుగా ఉండవచ్చు. కంపెనీ ఆపరేటరు చేతిలో ఏ యంత్రమైనా మెత్తగానే నడుస్తుంది.

ఇంజన్ గురించి ఒక ప్రశ్న తప్పక అడగండి. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఈ మోడల్‌లో ఉందా? ఉంటే, పని లేకుండా గంటల తరబడి ఇంజన్‌ను ఊరికే తిరగనిచ్చే అలవాటు మానుకోవాలి, అలా చేస్తే ఆ ఫిల్టరు మసితో మూసుకుపోతుంది. లేకపోయినా ఆ అలవాటు మంచిది కాదు, వృథాగా తిరిగిన గంటలు కూడా మీటరులో పడి సర్వీసును, వారంటీ గడువును ముందుకు తెస్తాయి. మన జిల్లా బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ గనుక రేడియేటరులో వాటిని పోయనివ్వకండి, కంపెనీ చెప్పిన కూలెంటే వాడండి. డ్రమ్ముల్లో తెచ్చే డీజిల్‌లో నీరు, దుమ్ము చేరుతాయి కాబట్టి ప్రతి ఉదయం ఇంధన ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలడం ఆపరేటరు పనుల్లో మొదటిది కావాలి.

ఇక డబ్బు. 20 లక్షలకు 8 శాతం ఫ్లాట్ అంటే నాలుగేళ్ల వడ్డీ 6.4 లక్షలు, నెలకు 55,000 కంతు. నాలుగో ఏడు వచ్చేసరికి అసలులో ఎక్కువ భాగం కట్టేసి ఉంటారు, అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు 20 లక్షల మీదే వేసి ఉంటుంది. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే, బ్యాంకుల తగ్గే నిల్వ పద్ధతిలోకి మార్చి చూస్తే ఇది 14 శాతం దాటుతుంది. ఆపరేటరు జీతం, బత్తా 28,000, బీమా, చిల్లర ఖర్చులు 5,000 అనుకుంటే, యంత్రం కదిలినా కదలకపోయినా నెలకు 88,000 మీ చేతి నుంచి పోతాయి. గంటకు వచ్చే వెయ్యిలో మూడు లీటర్ల డీజిలుకు సుమారు 300, గ్రీజు, ఫిల్టర్లు, బకెట్ పళ్లు, చైన్ల మార్పిడి కోసం పక్కన పెట్టవలసినది 150 పోతే మిగిలేది 550. అంటే నెలకు 160 గంటలు నడిస్తేనే యంత్రం తన ఖర్చును తాను మోసుకుంటుంది, మీ లాభం ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ లెక్కలో లారీ బాడుగ కలపలేదు.

మీకు ఖాయంగా ఉన్నవి 90 గంటలు. మిగతా 70 గంటలు బయటి నుంచి రావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు మన వైపు ఎలా కురుస్తాయో, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీకు తెలుసు. ఆ నెలల్లో కాలువల పని సరిగా సాగదు. తోపుల్లో కాయలున్న రోజుల్లో రైతులు యంత్రాన్ని చెట్ల మధ్యకు రానివ్వరు. ఈ నెలల లోటును మిగతా నెలలు పూడ్చాలి గనుక పని ఉన్న రోజుల్లో 160 కన్నా ఎక్కువ గంటలే నడవాలి. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు మీ కాంట్రాక్టరు దగ్గర, ఆయన కింద పనిచేసే మరో ఇద్దరు ముగ్గురి దగ్గర నెలకు ఇన్ని గంటలు పిలుస్తామన్న మాట తీసుకోండి. మాటకన్నా వర్క్ ఆర్డరు మేలు.

అప్పు భారాన్ని తగ్గించుకునే దారులు కూడా ఉన్నాయి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, చిన్న పరిశ్రమల రుణాలకు హామీగా ఉండే సీజీటీఎంఎస్ఈ పథకం కింద బ్యాంకులో అడగండి. 20 లక్షలు 10.5 శాతం తగ్గే నిల్వ వడ్డీకి 60 నెలలకు దొరికితే కంతు సుమారు 43,000 అవుతుంది, అప్పుడు నెలకు 138 గంటలతో సరిపోతుంది. గడువు పెరిగే కొద్దీ మొత్తం వడ్డీ పెరుగుతుందన్నది నిజమే, కానీ మొదటి యంత్రం కొన్నవారిని ముంచేది మొత్తం వడ్డీ కన్నా వాన నెలల్లో కట్టలేకపోయిన కంతులే. చేతిలో ఉన్న 8 లక్షలూ యంత్రంలోనే పెట్టేయకండి, కనీసం రెండు మూడు కంతులకు సరిపడే మొత్తాన్ని బ్యాంకులో ఉంచుకోండి. ఆ మేరకు ధర తగ్గించమని డీలరుతో బేరమాడండి. లేదా అప్పును కొంచెం పెంచి, జీఎస్టీ క్రెడిట్ చేతికందాక ముందుగా తీర్చేయండి. ముందుగా తీర్చితే జరిమానా ఎంతో మాత్రం ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి.

ఆ క్రెడిట్ చిన్న మొత్తమేమీ కాదు. ఎక్స్‌కవేటర్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే మీ 28 లక్షల కొటేషన్‌లో దాదాపు 4.27 లక్షలు పన్నే. మీకు జీఎస్టీ నమోదు ఉండి, కాంట్రాక్టరుకు పన్నుతో బిల్లులు రాస్తున్నట్టయితే ఈ మొత్తాన్ని మీరు కట్టవలసిన పన్నులో నెలనెలా సర్దుకోవచ్చు. బిల్లు మీ వ్యాపారం పేరిట, మీ జీఎస్టీ నంబరుతోనే ఉండాలి. క్రెడిట్ తీసుకున్న పన్ను మొత్తం మీద ఆదాయపు పన్నులో తరుగుదల చూపకూడదు, ఈ సంగతి మీ ఆడిటరుకు ముందే చెప్పండి.

బీమా విషయంలో కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ అని అడగాలి. అందులో దొంగతనం, యంత్రం ఒరిగిపోవడం, లారీ మీద ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, దారిలో జరిగే నష్టం ఉన్నాయో లేదో విడివిడిగా చూడండి, రవాణా నష్టానికి తరచుగా వేరే కవరు తీసుకోవలసి ఉంటుంది. ఆపరేటరు, హెల్పర్ల పేరిట ప్రమాద పరిహారానికి వేరే పాలసీ తీసుకోండి. తోపుల్లో 11 కేవీ తీగల కింద బూమ్ ఎత్తవలసిన పని ఉంటే ముందే విద్యుత్ శాఖవారితో లైను ఆపించుకున్నాకే యంత్రాన్ని లోపలికి పంపాలి. ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉంది. కొత్త యంత్రం ఖాళీగా ఉందని తెలిస్తే, రాత్రిపూట స్వర్ణముఖి ఇసుకకో గుట్ట గ్రావెల్‌కో రెండింతలు బాడుగ ఇస్తామని పిలిచేవాళ్లు వస్తారు. గనుల శాఖ అనుమతి లేని తవ్వకంలో మీ యంత్రం పట్టుబడితే పని చెప్పినవాడు పక్కకు తప్పుకుంటాడు, యంత్రం మాత్రం స్టేషన్ ఆవరణలో ఉంటుంది, కంతు నడుస్తూనే ఉంటుంది.

డెలివరీ నాడు బిల్లులో ఉన్న యంత్రం నంబరు, ఇంజన్ నంబరు, చట్రం మీద ఉన్న పలకతో సరిపోతున్నాయో చూసుకోండి. గంటల మీటరులో పదుల గంటలు కనిపిస్తే అది డెమోలకు తిప్పిన యంత్రం కావచ్చు, అప్పుడు ధర తగ్గించమని అడగడం మీ హక్కు. వారంటీ ఇన్ని నెలలు లేదా ఇన్ని గంటలు, ఏది ముందైతే అది అని ఉంటుంది కాబట్టి మీరు నడపబోయే గంటలతో లెక్కవేస్తే అది నిజంగా ఎన్నాళ్లు వస్తుందో తెలుస్తుంది. చివరగా, యంత్రాన్ని అక్టోబరులో ఇంటికి తెచ్చుకోవద్దు. దసరా ఆఫర్లు ఎంత ఊరించినా, మొదటి మూడు కంతులు వానల్లో పడతాయి. వానలు తగ్గాక జనవరిలో తీసుకోండి, ఈలోగా 70 గంటల వర్క్ ఆర్డర్లు, బ్యాంకు మంజూరు చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. జనవరిలో తీసుకునేటప్పుడు పలక మీద తయారైన సంవత్సరం ఏదో చూడండి. అది కిందటి ఏడాదిదైతే అమ్మేటప్పుడు యంత్రం ఒక ఏడాది పాతదిగా లెక్కకు వస్తుంది, ఆ తేడాను కొటేషన్ ధరలోనే తగ్గించి ఇమ్మని అడగండి.